భోగలింగం ఒప్పుకోలు దస్తావేజు

పాలకొల్లులో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఉన్న రేకుల గదిలో భోగలింగం అనే దస్తావేజు లేఖరి ఉండేవాడు. పనిలో గట్టివాడే గాని, ఎదుటివాళ్లకూ ఓ పని ఉంటుందన్న సంగతి మాత్రం అతనికి ఏనాడూ తట్టేది కాదు.

ముప్ఫయ్యేళ్లు చేత్తో దస్తావేజులు రాసిన మనిషి. అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉండేవి. అతను హద్దులు రాశాడంటే ఆ స్థలం మీద ఎవరూ వేలు పెట్టడానికి సందుండేది కాదు. ఆ తర్వాత రోజులు మారి గదిలోకి కంప్యూటరు వచ్చింది. దానికీ అతనికీ మొదటి రోజు నుంచీ పొసగలేదు. అది కాస్త మొరాయిస్తే చాలు, భోగలింగం బెంబేలెత్తిపోయేవాడు. బెంబేలెత్తగానే ఫోను తీసేవాడు. ఫోను తీసి హైమావతికి చేసేవాడు.

హైమావతి ఆ వీధి కోడలు. జూనియర్ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. చుట్టరికం ఏమీ లేకపోయినా పెద్దవాడు కదా అని భోగలింగాన్ని "బాబాయిగారూ" అని పిలిచేది. అంతే! ఆ ఒక్క పిలుపుతో ఆమె మీద సర్వహక్కులూ తనకు దఖలుపడ్డాయని అతను అనుకున్నాడు. ఆమె అన్నం ముందు కూర్చున్నా, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నా, ఆదివారం తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నా అతని ఫోను మోగేది.

"అమ్మాయ్ హైమా, ఒక్క నిమిషం పనమ్మా!" అనేవాడు. ఆ నిమిషం ఎప్పుడూ గంటకు తక్కువ ఉండేది కాదు. "తీరిగ్గా ఉన్నావా?" అని మాత్రం అడిగేవాడు కాదు.

పాపం, ఆమె వచ్చేది. వచ్చి మొదట ఓ ప్రశ్న వేసేది. "ఇలా అవ్వకముందు మీరేం చేశారు బాబాయిగారూ?"

"నేనేం చేశానమ్మా! ఏమీ చెయ్యలేదు. దానంతటదే అయింది."

"తెర మీద ఏదో రాసి వచ్చి ఉంటుంది కదా, ఏమని వచ్చింది?"

"ఏదో వచ్చిందిలే. అడ్డంగా ఉందని తీసేశాను."

ఇక ఆమె చీకట్లో సూది వెతుక్కున్నట్టు వెతుక్కోవాల్సిందే. ఎలాగో బాగుచేసి వెళ్లేది. మరో వారానికి ఇంకేదో వచ్చేది. అప్పుడు మన భోగలింగం ఏమనేవాడో తెలుసా? "నువ్వు మొన్న ముట్టుకున్నప్పట్నుంచే దీని వరస ఇలా ఉందమ్మా" అనేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వు వెనకాల ఎంత ఓర్పు ఉందో చూసే తీరిక అతనికి లేదు.

ఇలా ఉండగా విజయదశమి వచ్చింది. కత్తి పట్టినవాడు కత్తికీ, కలం పట్టినవాడు కలానికీ పూజ చేసే రోజు. భోగలింగం తన పాత పాళీ కలానికి బొట్టు పెట్టాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగాడు. ఈసారైనా ఇది బుద్ధిగా పనిచెయ్యాలని గట్టిగా దణ్ణం పెట్టుకుని, గిన్నెలో పసుపూ గంధమూ జారుగా కలిపి, పెట్టె ముఖానికి దిట్టంగా పట్టించాడు. దాని మీద కుంకం బొట్లు పెట్టాడు. ఆ పెట్టె ముఖం మీదే పెన్ డ్రైవు గుచ్చే రెండు కన్నాలున్నాయి. పసుపు వాటిల్లోకి కూడా దిగింది. పూజ కదా, ఎంత నిండుగా ఉంటే అంత మంచిదనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గది తెరిచి చూస్తే పసుపు కారి చారలు కట్టి అసహ్యంగా ఉంది. పార్టీలు వచ్చే వేళయిందని తడిగుడ్డ తెచ్చి గట్టిగా తుడిచేశాడు. మీట నొక్కాడు. కంప్యూటరు వెలిగింది. రెండు నిమిషాలకు టప్పున ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వెలిగి మళ్లీ ఆరిపోయింది.

అప్పటికే గుమ్మంలో గంగరాజు అనే రైతూ అతని భార్యా వచ్చి కూర్చున్నారు. ఆరు సెంట్ల ఇంటి స్థలం కొనుక్కుంటున్నారు. పదకొండున్నర లోపల రిజిస్ట్రేషను జరిగిపోవాలి, ఆ తర్వాత వర్జ్యం. వాళ్ల దస్తావేజు సగం కంప్యూటర్లోనే ఉంది. భోగలింగానికి ముచ్చెమటలు పోశాయి. ఫోను తీశాడు.

"అమ్మాయ్ హైమా! ఒక్క నిమిషం రామ్మా, కొంప మునిగిపోతోంది!"

"బాబాయిగారూ, ఇవాళ నేను భీమవరం వెళ్తున్నానండి. తొమ్మిదిన్నర బస్సు. నాకు అక్కడ..."

"తొమ్మిదిన్నరకు కదా! ఇంకా ఎనిమిదిన్నరే. నువ్వొచ్చి చెయ్యి పెట్టి వెళ్లిపో. ఒక్క నిమిషం!" అని ఫోను పెట్టేశాడు. భీమవరం ఎందుకని అడగలేదు. ఆమె చెప్పబోయింది వినలేదు.

హైమావతి ప్రయాణం చీర కట్టుకుని, చేతిలో సంచితో వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. ఎప్పటి ప్రశ్నే వేసింది.

"ఏమైంది బాబాయిగారూ? నిన్న గాని, ఇవాళ గాని దీన్నేమైనా చేశారా? నీళ్లేమైనా పడ్డాయా?"

భోగలింగం నోటిదాకా వచ్చింది. కానీ గుమ్మంలో గంగరాజు దంపతులు ఇటే చూస్తున్నారు. ఊళ్లో పెద్ద లేఖరినని పేరున్నవాణ్ణి, కంప్యూటరుకు పసుపు పూసి తడిగుడ్డతో తోమానని వాళ్ల ముందు ఎలా చెప్పడం? నామర్దా అనిపించింది.

"నీళ్లెందుకు పడతాయమ్మా? నేను ముట్టుకోనే లేదు. పోయిన నెల నువ్వే కదా ఏదో కొత్తది ఎక్కించావు! అప్పట్నుంచే దీనికి ఈ రోగం పట్టింది" అన్నాడు.

గంగరాజు భార్య అయ్యో అన్నట్టు హైమావతి వైపు చూసింది. హైమావతి ముఖం చిన్నబోయింది.

"అయ్యుంటుందండి. వైరస్ రాకుండా నేనే ఓ ప్రోగ్రాం వేశాను. అది పడలేదేమో" అని పని మొదలుపెట్టింది.

వేసినదాన్ని తీసేసింది. మళ్లీ వేసింది. మధ్యమధ్య కంప్యూటరు ఆరిపోయేది, ఆమె మళ్లీ మొదటికొచ్చేది. కాసేపటికి కుడికన్ను మూసుకుని ఎడమకంటితో తెర చూడసాగింది. ఓసారి కొంగుతో కన్ను అద్దుకుంది. రాత్రి నిద్ర లేదేమో అనుకున్నాడు భోగలింగం. అంతకు మించి అనుకోలేదు.

బయట భీమవరం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. హైమావతి ఒక్కసారి తలెత్తి వీధి వైపు చూసింది.

"ఇంకోటి వస్తుందిలే అమ్మా, బస్సులకేం కరువు!" అన్నాడు భోగలింగం.

ఆమె మళ్లీ తెర మీదికి వంగింది.

పది దాటింది. కంప్యూటరు ఆరుతూనే ఉంది. చివరికి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని అంది. "నా వల్ల కావట్లేదు బాబాయిగారూ. మీ పాత దస్తావేజులన్నీ వెనక కన్నంలో పెన్ డ్రైవు గుచ్చి దాంట్లోకి భద్రంగా తీసిపెట్టాను, వాటికి భయం లేదు. నేను వేసినదాని వల్లే మీకింత ఇబ్బంది వచ్చింది. ఏమీ అనుకోకండి."

అని చేతులు జోడించింది. భోగలింగం "పర్లేదులే" అన్నాడు. అవును, అక్షరాలా అలాగే అన్నాడు! తప్పు తనది, క్షమాపణ ఆమెది, పెద్దమనసు చేసుకున్నది మళ్లీ తనే.

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. గంగరాజు మెల్లిగా అడిగాడు. "ఏవండీ, ఓ మాటడుగుతాను, ఏమనుకోకండి. మా నాన్న పొలం కాగితం మీరే రాశారు, చేత్తో రాశారు. ఇదీ అలా రాసేస్తే చెల్లదాండీ?"

భోగలింగం బల్ల వైపు చూశాడు. చెల్లకేం! నిక్షేపంలా చెల్లుతుంది. ఆ పాళీ కలం బొట్టుతో సహా బల్ల మీదే ఉంది. కాగితం తీసుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాల్లో దస్తావేజు పూర్తయింది. పదకొండుంబావుకల్లా గంగరాజు దంపతులు రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి, నవ్వుకుంటూ బయటికొచ్చారు.

గదిలో భోగలింగం ఒక్కడే మిగిలాడు. కొంప ఏమీ మునగలేదు. మరి ఆ అమ్మాయిని అంత కంగారుపెట్టి ఎందుకు రప్పించినట్టు?

అనుమానం వచ్చి టార్చిలైటు తీసి కంప్యూటరు కన్నాల్లో వేసి చూశాడు. లోపల పచ్చగా, ఇంకా తడిగా పసుపు ముద్ద. స్విచ్చు తీసేసి, సన్నని పుల్లకు దూది చుట్టి అదంతా తీశాడు. పెట్టెను కిటికీ దగ్గర ఎండలో పెట్టాడు. భోంచేసొచ్చి మీట నొక్కితే వెలిగింది. ఐదు నిమిషాలు చూశాడు, పది నిమిషాలు చూశాడు. ఆరలేదు. మామూలుగా అయితే ఎగిరి గంతేసేవాడు. ఆ రోజు మాత్రం అది అలా వెలుగుతూ ఉంటే తన ముఖానే ఎవరో దీపం పెట్టి చూస్తున్నట్టనిపించి ఆపేశాడు.

సాయంత్రం హైమావతి ఇంటికి బయల్దేరాడు. నిజం చెప్పాలని కాదు. "దానంతటదే బాగైంది, నువ్వేం బెంగపెట్టుకోకు" అని చెప్పి వచ్చేద్దామని.

అరుగు మీద ఆమె అత్తగారు వరాలమ్మ బియ్యం ఏరుకుంటోంది. "రండి అన్నయ్యగారూ. బాగైందా మీ మిషను?" అంది.

"ఆఁ, బాగైందమ్మా. అమ్మాయి భీమవరం వెళ్లొచ్చిందా?"

"వెళ్లి ఏం లాభమండీ! రెండో బస్సెక్కి వెళ్లేసరికే ఆయన వెళ్లిపోయాడట. హైదరాబాదు నుంచి నెలకో పూట వచ్చే కంటి డాక్టరండి. పదకొండింటికి దీనికి టైమిచ్చారు. కుడికంట్లో నల్లచుక్కలు తిరుగుతున్నాయంటుంది పిల్ల, మెరుపులు మెరుస్తున్నాయంటుంది. రెండు నెల్లు ఎదురుచూసి సంపాదించుకున్న టైమండి అది. మీ గదికి వెళ్లొద్దన్నాను, మీ పని తర్వాత చూసుకోవచ్చన్నాను. వింటేనా! బాబాయిగారు కంగారుపడుతున్నారత్తయ్యా, నా వల్లే పాడైందేమో అంది."

భోగలింగానికి తల కొట్టేసినట్టయింది.  ఒక కన్ను మూసుకుని తెర చూసిన ఆ ముఖం కళ్ల ముందుకొచ్చింది. నిద్ర లేదేమో అనుకున్నాడు తను! బస్సులకేం కరువన్నాడు తను!

లోపల్నుంచి హైమావతి వచ్చింది. కంటి మీద తడిపిన గుడ్డ అద్దుకుంటోంది. "బాగైందా బాబాయిగారూ? హమ్మయ్య! పొద్దుట్నుంచీ అదే ఆలోచన. మీ పని చెడగొట్టానని ఎంత సిగ్గేసిందో" అంది.

సిగ్గట! ఆమెకు! భోగలింగం నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ ఏవో రెండు పొడి మాటలు అని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చేశాడు. ఒక చెప్పు వరాలమ్మది వేసుకొచ్చాడని వీధి చివర గాని తెలియలేదు. వెనక్కి వెళ్లి మార్చుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు.

ఇంటికెళ్లి కూర్చున్నాడు. నోటితో చెప్పలేనని అతనికి అర్థమైంది. ముప్ఫయ్యేళ్లుగా ఊరందరి మాటలూ కాగితం మీద పెట్టిన మనిషి, తన మాట ఒక్కటి పెట్టలేడా? పాళీ కలం తీశాడు. తెల్లకాగితం మడిచి అంచు వదిలాడు. దస్తావేజు రాసినట్టే రాశాడు.

మర్నాడు తెల్లవారగానే వెళ్లి, వరాలమ్మ చెప్పు అరుగు మీద పెట్టి, కాగితం హైమావతి చేతికిచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. కంటి మీద గుడ్డతో చదవడం కష్టమై ఆమె అత్తగారికిచ్చింది. వరాలమ్మ కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"పాలకొల్లు కాపురస్థుడు, దస్తావేజు లేఖరి భోగలింగం అను నేను, అదే ఊరి కాపురస్థురాలు, కంప్యూటరు లెక్చరరు హైమావతిగారికి, నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చిన ఒప్పుకోలు దస్తావేజు ఏమనగా. విజయదశమి నాడు నేను నా కంప్యూటరు ముఖానికి పసుపూ గంధమూ నీళ్లతో కలిపి పూసితిని. అది కన్నాల్లోకి దిగినది. మర్నాడు తడిగుడ్డతో తుడిచితిని. మీరు అడిగినప్పుడు ఏమీ చెయ్యలేదని అబద్ధమాడితిని. నలుగురి ముందు తప్పు మీ మీదికి నెట్టితిని. మీరు వేసిన ప్రోగ్రాములో ఏ దోషమూ లేదు. మీరు ప్రయాణమై ఉన్నారని వినియూ ఎందుకని అడగలేదు. నా పని చేత్తోనే అయ్యేదని నాకు తట్టలేదు. ఈ తప్పు యావత్తూ నాదే. ఇందులో మీకుగాని, మీ వారసులకుగాని ఏ భాగమూ లేదు."

కింద సంతకం ఉంది. సాక్షి అన్నచోట గంగరాజు పేరుంది. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర అతన్ని పట్టుకుని, మొత్తం చదివి వినిపించి మరీ సంతకం పెట్టించుకొచ్చాడు. ఎవరి ముందు ఆమె మీద నింద వేశాడో వాళ్ల ముందే దాన్ని దించాలి కదా!

వారసుల మాట దగ్గర వరాలమ్మకు నవ్వాగలేదు. హైమావతి నవ్వలేదు. కాగితం తీసుకుని మడతపెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నేనడిగినప్పుడే ఈ మాట చెప్పుంటే ఐదు నిమిషాల పని బాబాయిగారూ. ఎండలో పెట్టండని చెప్పి బస్సెక్కేసేదాన్ని."

అంతే అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే భోగలింగానికి కాస్త తేలిగ్గా ఉండేదేమో! కళ్లు తుడుచుకుని అన్నాడు. "అమ్మా, నెల్లాళ్లు ఆగడానికి వీల్లేదు. రాజమండ్రిలో పెద్ద కంటాసుపత్రి ఉంది. ముందుగా టైము తీసుకోకపోయినా వరసలో కూర్చుంటే చూస్తారట. మీ ఆయన లారీ డ్యూటీ మీద ఎక్కడో ఉన్నాడు. నీకు ఇవాళ వీలవుతుందా? వీలైతే నేను తోడొస్తాను. నన్ను చూడ్డం ఇష్టం లేకపోతే ఎవర్నైనా తోడు పంపుతాను."

వీలవుతుందా అని అతను ఆమెను అడగడం అదే మొదటిసారి. హైమావతి అది గమనించింది. "వెళ్దాం బాబాయిగారూ" అంది.

ఆసుపత్రిలో వాళ్ల వరస నంబరు నూటపధ్నాలుగు. పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం నాలుగింటికి పిలుపొచ్చింది. కూర్చున్నంతసేపూ భోగలింగం ఆ గోడ గడియారమే చూశాడు. మధ్యలో ఒకాయన వచ్చి కౌంటరు దగ్గర "మాది ఒక్క నిమిషం పనండీ" అంటూ ముందుకు దూరాడు. వరసలో అందరూ విసుక్కున్నారు. భోగలింగం మాత్రం తననే అన్నట్టు తల దించుకున్నాడు.

డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొర చిరిగిందని చెప్పింది. అదే రోజు లేజరు పెట్టింది. "ఇంకో వారం ఆలస్యమైతే ఈ కన్ను దక్కేది కాదు. ఒక్క రోజైనా ముందే వచ్చి ఉండాల్సింది" అంది. కన్ను దక్కింది. కానీ చూపులో ఓ మూల కాస్త మసక మిగిలిపోయింది. అది ముందునుంచీ ఉన్నదో, ఆలస్యం వల్ల వచ్చిందో డాక్టరమ్మ చెప్పలేదు. అడగడానికి భోగలింగానికి ధైర్యం చాలలేదు. ఆ మసక హైమావతి కంట్లో ఎంతుందో గాని, అతని మనసులో మాత్రం ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా కంప్యూటరు మొరాయించేది. దానికేం, అది మారలేదు. మారింది భోగలింగమే. ఇప్పుడు ఫోను తియ్యడానికి ముందు కాగితం తీస్తాడు. తను ఏం చేస్తుండగా ఇలా అయిందో, ఏది నొక్కాడో, తెర మీద ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాసుకుంటాడు. సగంసార్లు రాస్తుండగానే తప్పెక్కడుందో తనకే తెలిసిపోతుంది. తెలియనప్పుడే హైమావతి కాలేజీ నుంచి వచ్చి, కాఫీ తాగి, కుదుటపడే వేళ చూసి ఫోను చేస్తాడు.

"అమ్మా హైమా, తీరిగ్గా ఉన్నావా? లేకపోతే రేపు చేస్తాను. రేపు కాకపోతే ఎల్లుండి. కాగితాలు రాయడానికి నాకు చెయ్యి ఉంది, తొందరేం లేదు" అంటాడు.

విజయదశమికి ఇప్పటికీ పూజ చేస్తాడు. కంప్యూటరుకు మాత్రం దూరం నుంచే దణ్ణం పెట్టి, ఆ పసుపు కాస్తా పాళీ కలానికి పూస్తాడు.

పిల్లలూ, సాయం అడగటం తప్పు కాదు. కానీ అడిగే ముందు ఎదుటివాళ్లకు వీలుందో లేదో కనుక్కోవాలి, మన చేతుల్లో జరిగినదాన్ని దాచకుండా చెప్పాలి, మన తప్పును సాయానికొచ్చినవాళ్ల నెత్తిన ఎన్నడూ రుద్దకూడదు.